నొప్పి లేనప్పుడే పోవాల్సిన పరీక్ష: హెచ్‌పీవీ, గర్భసంచి ముఖం, మన ఇంటి ఆడవాళ్లు

మా అమ్మకి 58. అనంతపురంలో ఉంటుంది. షుగర్ పరీక్షకి మూడు నెలలకోసారి తనే ఆటో ఎక్కి పోయొస్తుంది, కళ్లు చూపించుకుంది, మోకాళ్లకి ఎక్స్‌రే తీయించుకుంది. గర్భసంచి ముఖం (సర్విక్స్) దగ్గర క్యాన్సర్ జాడలున్నాయా అని చూసే పరీక్ష అనేసరికి మాత్రం "నాకేమైందే ఇప్పుడు? ముట్లుడిగి ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు ఆ పక్క చూపించుకునే వయసా నాది?" అని లేచి వంటింట్లోకి పోయింది. ఆమెని ఒప్పించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఈ లోపల నేను చేసిన తప్పులు, డాక్టర్లని అడిగి తెలుసుకున్న సంగతులు, మా వదిన రిపోర్టుతో పడిన టెన్షన్, మా పాపకి సూది వేయించిన కథ, అన్నీ కలిపి రాస్తున్నా. మీ ఇంట్లో 30 దాటిన ఆడమనిషి ఎవరున్నా, తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్ల ఉన్నా ఇది మీకే.

ముందు విషయం ఏమిటో చెప్పి పనిలోకి పోదాం. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి, చేతుల మీద పులిపిర్లు వచ్చేది కూడా ఈ జాతి వైరస్ వల్లే. క్యాన్సర్ దాకా తీసుకుపోగలిగినవి ఓ 14 ఉంటాయి. అందులోనూ 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 గర్భసంచి ముఖం క్యాన్సర్లకి కారణం. ఒకప్పుడు దీనికి హెర్పిస్ వైరస్ కారణమేమో అని అనుమానపడేవాళ్లు. హెరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒప్పుకోకుండా వెతికి వెతికి, 1983లో 16వ రకాన్ని ఈ క్యాన్సర్ కణాల్లోనే పట్టుకున్నాడు. 2008లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

అంటుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది, మందూ మాకూ అక్కర్లేదు, వచ్చిందనీ పోయిందనీ కూడా తెలీదు. మిగిలిన ఆ ఒక్కరిలో అది గర్భసంచి ముఖం దగ్గర తిష్ట వేసి కణాలని మెల్లగా మార్చడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి క్యాన్సర్ అయ్యేదాకా మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా తొందరగా, ఐదు నుంచి పదేళ్లలో. పొగాకు అలవాటున్నవాళ్లకీ, చిన్న వయసులోనే కాన్పులైనవాళ్లకీ, కాన్పులు ఎక్కువైనవాళ్లకీ ముప్పు కొంచెం ఎక్కువ. ఆలోచించండి, పదిహేనేళ్ల గడువిచ్చే జబ్బు ఇంకేదైనా ఉందా? అయినా 2022లో మన దేశంలో లక్షా పాతికవేలకు పైగా కొత్త కేసులు, 80 వేల దగ్గర మరణాలు అని లెక్కగట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరు కూడా లేరు. గడువు మొత్తం సిగ్గులోనూ వాయిదాల్లోనూ పోతోంది.

ఏ పరీక్ష, ఎవరికి

మూడు రకాలున్నాయి. మొదటిది వీఐఏ. వెనిగర్ లాంటి పల్చటి అసిటిక్ యాసిడ్ ద్రావణాన్ని దూదితో గర్భసంచి ముఖానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది, ఫలితం అక్కడికక్కడే తెలిసిపోతుంది. సర్కారు స్క్రీనింగ్‌లో ఎక్కువగా చేసేది ఇదే, 30 దాటినవాళ్లకి ఐదేళ్లకోసారి. మీ ఊరి ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడిగితే ఏ రోజు ఏ పీహెచ్‌సీకి రావాలో చెప్తారు, డబ్బులేమీ అవసరం లేదు. రెండోది పాప్ స్మియర్. చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తారు, మూడేళ్లకోసారి. మూడోది హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. ఇది నేరుగా వైరస్ ఉందా లేదా అని చూస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ మూడింటిలో ఎక్కువ నమ్మదగ్గది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 నుంచి వీలైనచోట దీన్నే మొదట చేయమంటోంది. నెగెటివ్ వస్తే ఐదేళ్లు నిశ్చింత.

ఇక్కడ నాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ముట్లు ఆగిపోయాక, ముఖ్యంగా 50 దాటాక, కణాలు మారే భాగం లోపలికి జరిగిపోతుంది, పైనుంచి కంటితో చూసే వీఐఏకి సరిగా అందదు. కాబట్టి అమ్మకో అత్తకో చేయించేటట్టయితే హెచ్‌పీవీ పరీక్షో, కనీసం పాప్ స్మియరో అడగండి. "వయసైపోయింది, ఇంకెందుకు" అంటారా, ఇరవై ఏళ్ల కింద అంటుకున్నది బయటపడే వయసే అది. ముందు నుంచీ క్రమంగా చేయించుకుని అన్నీ మంచిగా వచ్చినవాళ్లు 65 తర్వాత మానేయొచ్చు. జీవితంలో ఒక్కసారీ చేయించుకోనివాళ్లకి మాత్రం ఆ మాట చెల్లదు.

ఒప్పించడం ఎట్లా

నేను చేసిన మొదటి తప్పు, షుగర్ డాక్టర్ దగ్గరికని చెప్పి ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడం. ఆ డాక్టరమ్మ పాపం నవ్వుతూ "పాప్ టెస్ట్‌కే కదమ్మా వచ్చింది?" అంది. అమ్మ చెప్పులేసుకుని బయటికి నడిచింది. పదిహేను రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అబద్ధం చెప్పి తీసుకుపోకండి, ఈ పరీక్షలో ఒంటిని వదులుగా పెట్టుకోవాలి, మోసపోయానన్న కోపంతో బిగుసుకుపోయిన మనిషికి జరగదు, జరిగినా నొప్పెడుతుంది.

రెండో తప్పు, క్యాన్సర్ క్యాన్సర్ అని భయపెట్టడం. "ఉంటే ఉండనీ, తెలీకుండా పోతేనే మేలు" అనేసింది. భయపడిన మనిషి ఆసుపత్రి వైపు రాదు, ఇంకా దూరం పోతుంది.

చివరికి పనిచేసింది ఏమిటంటే, ముందు నేను చేయించుకుని వచ్చి, అమ్మా చిన్నమ్మా ఇద్దరూ చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చున్నప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పడం. తలుపు మూశారు, దుప్పటి కప్పారు, బాతు ముక్కు లాంటి పరికరం (స్పెక్యులమ్ అంటారు) పెట్టినప్పుడు కొంచెం చల్లగా, కొంచెం ఒత్తిడిగా అనిపించింది, గట్టిగా ఊపిరి వదలమంది, ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఆటోలో ఇంటికొచ్చి అన్నం వండాను. చిన్నమ్మ "అంతేనా! ముగ్గురిని కన్నాం, ఇదొక లెక్కా" అంది. తర్వాత వారం ఇద్దరూ కలిసి పోయొచ్చారు, తోడుంటే ఆ ధైర్యమే వేరు. డాక్టర్ ఆడమనిషేనా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి, పెద్దవాళ్లకి అదే సగం బలం. ఇంకా సిగ్గుపడేవాళ్లకి, చిన్న బ్రష్‌తో తమ శాంపిల్ తామే తీసిచ్చే పద్ధతి హెచ్‌పీవీ పరీక్షలో ఉంది, అన్నిచోట్లా దొరక్కపోవచ్చు గానీ అడిగి చూడండి.

తయారీ పెద్దగా ఏమీ లేదు. ముట్టు రోజుల్లో వద్దు, మొదలైన పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు లోపల పోతే మంచిది. ముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల పెట్టే మాత్రలూ క్రీములూ వద్దు, శుభ్రం చేసుకోవాలని లోపలికి నీళ్లు కొట్టడం అసలే వద్దు. ఖాళీ కడుపుతో పోనక్కర్లేదు. సుళువుగా తీసి కట్టుకునే చీరో నైటీనో అయితే బాగుంటుంది. పెద్ద సర్కారు ఆసుపత్రికి పోతే పొద్దున్నే పోయి ఓపీ చీటీ తీసుకోండి, ఆధార్ దగ్గర పెట్టుకోండి, నా మాట విని సోమవారం మాత్రం పోకండి.

రిపోర్టులో పాజిటివ్ అని వస్తే

మా వదిన, అంటే మా పెదనాన్న కోడలు, కర్నూలులో ఉంటుంది, వయసు 36. మామూలు హెల్త్ చెకప్‌లో హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. రెండు రోజులు నిద్రపోలేదు, మా అన్నకి చెప్పలేదు, మూడో రోజు రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి "నాకు క్యాన్సరంట పాపా" అని ఏడ్చింది. నాకూ అప్పటికి ఏమీ తెలీదు, ఇద్దరం కలిసి ఏడ్చాం, అంతే చేయగలిగింది. మీకు ఆ రాత్రి రాకూడదనే ఈ భాగం కొంచెం ఎక్కువ రాస్తున్నా.

పాజిటివ్ అంటే వైరస్ ఉంది అని మాత్రమే అర్థం. కణాలు మారాయా లేదా అన్నది ఇంకా ఎవరూ చూడలేదు. చాలా రిపోర్టుల్లో ఏ రకమో రాసి ఉంటుంది. 16 గానీ 18 గానీ అయితే నేరుగా కాల్పోస్కోపీకి పంపుతారు, అంటే గర్భసంచి ముఖాన్ని భూతద్దం లాంటి యంత్రంతో పెద్దదిగా చేసి చూడటం, అనుమానం ఉన్నచోట చిటికెడు ముక్క తీసి బయాప్సీకి పంపడం. వేరే రకమైతే చాలామంది డాక్టర్లు ముందు పాప్ స్మియరో వీఐఏనో చేసి, అది బాగుంటే ఏడాది తర్వాత మళ్లీ రమ్మంటారు. ఆ ఏడాదిలో చాలామందికి వైరస్ దానంతటదే పోతుంది.

పాప్ రిపోర్టులో వచ్చే మాటలు కూడా తెలిసుంటే సగం భయం పోతుంది. ఎన్ఐఎల్ఎమ్ (NILM) అని ఉంటే మామూలుగా ఉన్నట్టు. ఇన్‌ఫ్లమేషన్ అని ఉంటే ఏదో వాపో ఇన్ఫెక్షనో ఉందని, అది క్యాన్సర్ మాట కాదు. ఆస్కస్ (ASC-US) అంటే కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి, ఏమిటో తేల్చలేకున్నాం అని. ఎల్‌సిల్ (LSIL) అంటే తేలికపాటి మార్పు, హెచ్‌సిల్ (HSIL) అంటే ఆలస్యం చేయకుండా కాల్పోస్కోపీకి పోవాల్సిన మార్పు. బయాప్సీలో సీఐఎన్ 1 (CIN, కణాలు ఎంత మారాయో చెప్పే అంకె) అని వస్తే ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది, గమనిస్తూ ఉంటారు. సీఐఎన్ 2, 3 వస్తే ఆ భాగాన్ని వేడితో కాల్చడమో, చలువతో గడ్డకట్టించడమో, లీప్ అనే సన్నటి తీగతో చెక్కి తీసేయడమో చేస్తారు. ఎక్కువమంది అదే రోజు ఇంటికొచ్చేస్తారు, గర్భసంచి చెక్కుచెదరకుండా ఉంటుంది. వదినకి సీఐఎన్ 1 వచ్చింది, ఏడాది తర్వాత మళ్లీ చేస్తే వైరస్ కూడా నెగెటివ్.

ఆ ఏడాది ఇంట్లో జరిగింది మాత్రం నెగెటివ్ కాలేదు. ఇది కలయిక వల్ల అంటుకునే వైరస్ అని మా అన్న ఫోన్లో చదివాడు. ఇంకేముంది, నువ్వా నేనా అని. ఎవరినుంచి ఎప్పుడు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. సంసార జీవితం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకునేదే ఇది, ఏళ్ల తరబడి కనబడకుండా నిద్రపోయి తర్వాత పరీక్షలో తేలొచ్చు. మగవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలుండవు, వాళ్లకి మామూలుగా చేసే పరీక్షా లేదు. చర్మం చర్మం తాకితే చాలు అంటుతుంది కాబట్టి కండోమ్ ముప్పు తగ్గిస్తుందే కానీ పూర్తిగా ఆపదు. ఈ రిపోర్టు పట్టుకుని ఎవరి నడవడికా తేల్చలేరు. వదిన డాక్టరే మా అన్నని పిలిపించి ఇదంతా చెప్పింది, అప్పుడు చల్లబడ్డాడు. మీరైతే మొదటి రోజే ఇద్దరూ కలిసి డాక్టర్ ముందు కూర్చోండి.

గర్భసంచి తీసేద్దాం అంటే

ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా బంధువుల్లో ఒకామె తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగ్ హోమ్‌కి పోతే, స్కాన్ తీసి, "ముఖం దగ్గర పుండుంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని వారంలో గర్భసంచి తీసేశారు. వయసు 34. పాప్ పరీక్ష చేయలేదు, బయాప్సీ లేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది, ఊళ్లల్లో అడిగితే ఇంటికొకరు చెప్తారు. తెల్లబట్టకి ఎక్కువసార్లు మామూలు ఇన్ఫెక్షనే కారణం, మందులతో పోతుంది. ఎవరైనా క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీయాలంటే "బయాప్సీ రిపోర్టు చూపించండి" అని అడగండి, అది తీసుకుని ఇంకో డాక్టర్‌ని కలవండి. నిజంగా అవసరమైన ఆపరేషన్‌కి కూడా వారం రోజులు ఆగి ఇంకొకరిని అడిగే సమయం దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పటికే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం వెతికి, ముఖం కూడా తీశారా, సంచి మాత్రమే తీశారా అని చూపించుకోండి. ముఖం మిగిలుంటే మీకూ ఈ పరీక్షలు వర్తిస్తాయి.

ఇక వాయిదా వేయకూడనివి కొన్ని ఉన్నాయి. ముట్టుకీ ముట్టుకీ మధ్య రక్తం కనబడటం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క మళ్లీ కనబడినా సరే, నీచు వాసనతో నీళ్లలా పోవడం, తగ్గని నడుము నొప్పి వీటితో కలిసి ఉండటం. ఇట్లాంటప్పుడు స్క్రీనింగ్ క్యాంపు కోసం ఎదురుచూడొద్దు, పోయినసారి నెగెటివ్ వచ్చిందనీ ఊరుకోవద్దు, నేరుగా ఆడవాళ్ల డాక్టర్ దగ్గరికి. అనంతపురంలో సర్వజన ఆసుపత్రి, కడపలో రిమ్స్, కర్నూలులో పెద్దాసుపత్రి ఉన్నాయి. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి మా వైపు పల్లెల నుంచి చాలామంది పోతారు. క్యాన్సర్ అని తేలితే కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కడప వాళ్లు తిరుపతి స్విమ్స్‌కి, అనంతపురం వాళ్లు బెంగళూరు కిద్వాయ్‌కి పోవడం మామూలే. ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ వైద్యం ఉంది, బయల్దేరే ముందే ఆరోగ్యమిత్రని కలిసి మీరనుకున్న ఆసుపత్రి ఆ పథకంలో ఉందా, రాష్ట్రం దాటితే చెల్లుతుందా అని అడిగి పోండి. తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తో నయమవుతుంది, ముదిరితే రోజూ కరెంటు పెట్టడం (రేడియేషన్‌ని మనవాళ్లు అనేది అట్లాగే), వారానికోసారి కీమో, ఐదారు వారాలు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే మకాం.

పాపకి సూది

మా పాపకి పన్నెండు. హెచ్‌పీవీ టీకా సూది వేయిద్దాం అంటే మా అత్త "పెండ్లి కూడా కాని పిల్లకి ఇప్పుడెందుకమ్మా అది?" అంది. మాకు శనగ చేను ఉంది, అత్త ప్రతి ఏడాదీ విత్తనశుద్ధి దగ్గరుండి చేయిస్తుంది. "విత్తనానికి మందు విత్తే ముందే పట్టిస్తావు కదత్తా, మొలక కుళ్లినాక పట్టిస్తావా?" అన్నా. నవ్వింది, ఒప్పుకుంది. వైరస్ ఇంకా తాకక ముందు వేస్తేనే ఈ టీకా పూర్తిగా పనిచేస్తుంది. అంటుకున్న ఇన్ఫెక్షన్‌ని ఇది తీసేయలేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్లు మంచి వయసు అంటారు, పైగా ఆ వయసులో డోసులు కూడా తక్కువ.

మన దేశంలోనే పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 జనవరిలో విడుదలైంది, 6, 11, 16, 18 రకాలని ఆపుతుంది. 16, 18 క్యాన్సర్‌కి, 6, 11 జననాంగాల దగ్గరి పులిపిర్లకి. 14 దాకా ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 నుంచి 26 దాకా మూడు డోసులు అని కంపెనీ చెప్పే లెక్క, మగపిల్లలకి కూడా వేయొచ్చు. ఒక్క డోసు కూడా 20 ఏళ్ల లోపువాళ్లకి సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో చెప్పింది, కాబట్టి సర్కారు కార్యక్రమాల్లో ఒకే డోసు వేస్తే కంగారుపడకండి. గార్డసిల్ 9 అనేది తొమ్మిది రకాలని ఆపుతుంది, ధర మాత్రం చాలా ఎక్కువ, స్తోమత ఉంటేనే. డబ్బు పెట్టి కొనే ముందు మీ సచివాలయం ఏఎన్ఎంనీ, పాప బడి టీచర్‌నీ "ఉచితంగా ఎప్పుడు వేస్తారు, ఏ వయసుకి?" అని అడగండి.

మన తెలుగువాళ్లకి ఈ సూది మీద అనుమానం ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల పిల్లలకి ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు, గుజరాత్‌లోనూ వేశారు. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదు, పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు తాగడం లాంటివి కారణాలుగా తేలాయి. కానీ తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది కూడా అంతే నిజం, 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. నా ఉద్దేశం ఏమంటే, ఆ తప్పు సంతకాలది. బడి నుంచి కాగితం వస్తే చదవండి, అడగాల్సింది అడగండి, సంతకం మీరే పెట్టండి.

వేయించే రోజు చూసుకోవాల్సినవి చిన్నవే. టీకాని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, మన ఎండల్లో మెడికల్ షాపులో కొని బ్యాగులో వేసుకుని గంట ప్రయాణం చేసి డాక్టర్ దగ్గరికి పోవడం దండగ, ఫ్రిజ్ ఉన్న క్లినిక్‌లోనే వేయించండి. పిల్ల ఏదైనా తిని ఉండాలి. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోవడం ఉంది, అందుకే కూర్చోబెట్టి వేయించి ఓ పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. చేయి నొప్పి, కొంచెం జ్వరం రావొచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. గర్భంతో ఉన్నవాళ్లకి వేయరు. సూది వేయించుకున్న పిల్ల కూడా 30 వచ్చాక పరీక్షకి పోవాల్సిందే, టీకా అన్ని రకాలనీ ఆపదు కాబట్టి.

మా పాప చేయి రెండు రోజులు నొప్పి పెట్టింది, ఆ రెండు రోజులూ హోంవర్క్ ఎగ్గొట్టింది. రెండో డోసు తేదీ రాసిన కార్డుని ఫొటో తీసి మా ఆయనకి, అత్తకి, అమ్మకి పంపాను. అందరికంటే ముందు గుర్తుచేసింది మా అమ్మే. తన మళ్లీ పరీక్ష తేదీ కూడా అదే క్యాలెండర్లో, గ్యాస్ బుక్ చేసిన తేదీల పక్కన రాసిపెట్టుకుంది.